ఫోను చేనుకు పోయినా, నెట్ ఇంట్లోనే ఉండాలి

గోడ మీద స్మార్ట్ టీవీ ఉంటుంది. దాన్ని నడిపే ఇంటర్నెట్ మాత్రం ఒకరి జేబులో తిరుగుతుంటుంది. ఆ మనిషి గడప దాటితే ఇంటిల్లిపాదికీ బొమ్మ ఆగిపోతుంది. ఒక సిమ్, ఒక రౌటర్‌తో ఈ చిక్కు తీరుతుంది. ఎలాగో చూద్దాం.

"ఫోను వెట్టి పోరాదు బిడ్డా, ఇంక పది నిమిషాలల్ల అయిపోతది."

చెప్పులేసుకుని బయల్దేరిన కొడుకును లోపల్నుంచి అవ్వ అడిగే మాట ఇది. కొడుకు ఫోను ఇచ్చి పోలేడు. మోటరు దగ్గర కరెంటు వచ్చిందో లేదో తెలియాలన్నా, పంట తీసుకెళ్ళే బండివాడు పిలవాలన్నా ఆ ఫోనే దిక్కు. అతను నాలుగడుగులు వేసేసరికి టీవీ తెర మీద చక్రం తిరగడం మొదలవుతుంది. అవ్వ రిమోటు పక్కన పెట్టేస్తుంది.

బీదర్ జిల్లా మన్నాఏఖేళ్ళి లాంటి ఊళ్ళలో సాయంత్రాలు ఇలా ఆగిపోవడం కొత్త కాదు. హైదరాబాద్ నుంచి పుణె వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద, జహీరాబాద్ దాటి హుమ్నాబాద్ వైపు వెళ్తుంటే ఈ ఊరు తగులుతుంది. మొన్నమొన్నటి దాకా హుమ్నాబాద్ తాలూకా, ఇప్పుడు చిట్గుప్పా తాలూకా. ఇక్కడ ఒకే అంగడి ముందు కన్నడ, తెలుగు, దక్కనీ ఉర్దూ, మరాఠీ కలిసి వినబడతాయి. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు పాత హైదరాబాద్ సంస్థానపు బీదర్ జిల్లా ముక్కలైంది. జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాకు వెళ్ళాయి. బీదర్, హుమ్నాబాద్ మైసూరు రాష్ట్రంలో కలిశాయి. సరిహద్దు గీత పటం మీద పడింది గానీ వియ్యాలు, సంతలు, సినిమాలు ఎప్పటిలాగే సాగాయి. అందుకే ఇక్కడ టీవీ అంటే ఒక భాష పెట్టె కాదు. అవ్వకు తెలుగు సీరియల్ కావాలి, మనవరాలికి కన్నడ పాఠం కావాలి, తాతకు పాత హిందీ పాటలు కావాలి. ఇన్నీ ఒకే పెట్టెలో దొరికేది ఇంటర్నెట్‌తోనే.

ఒకే బొమ్మ, రెండు గొంతులు

ఈ నేలకు ఆకాశం నుంచి బొమ్మ రావడం ఇప్పటి ముచ్చట కాదు. 1975 ఆగస్టు 1న 'సైట్' ప్రయోగం మొదలైంది. అమెరికా నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకుని, ఇస్రో, ఆలిండియా రేడియో కలిసి 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ చూపించాయి. బీదర్‌కు ఒక పక్కనున్న మెదక్, మరో పక్కనున్న గుల్బర్గా జిల్లాల పల్లెలు కూడా అందులో ఉన్నాయి. కోళ్ళగూటికి వాడేలాంటి ఇనుప జాలీతో 3 మీటర్ల వెడల్పు గొడుగు చేసి నిలబెట్టారు. బడిలోనో పంచాయతీ గదిలోనో టీవీ పెట్టారు. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. ఆ ఉపగ్రహం ఒక బొమ్మతో పాటు రెండు ధ్వనులను పంపగలిగేది. అంటే ఒకే దృశ్యాన్ని ఒక ఊరు ఒక భాషలో, ఇంకో ఊరు ఇంకో భాషలో వినే వీలు యాభై ఏళ్ళ కిందటే ఉంది.

ఆ ఊరుమ్మడి టీవీని ఎవరూ జేబులో వేసుకుని పోలేకపోయేవారు. తర్వాత టీవీ ఇంటికి వచ్చింది. మిద్దె మీద యాంటెనా, వీధి వెంట కేబుల్ తీగ, ఆ తర్వాత డీటీహెచ్ గొడుగు వచ్చాయి. ఏది వచ్చినా సిగ్నలు ఇంటిని పట్టుకునే ఉంది. ఇంట్లో ఎవరున్నా, ఎవరు లేకపోయినా బొమ్మ వచ్చేది. స్మార్ట్ టీవీని ఫోను హాట్‌స్పాట్‌కు తగిలించాక మొదటిసారి సిగ్నలు మనిషితో పాటు నడిచి బయటికి పోవడం మొదలైంది.

చాలా ఇళ్ళలో ఆ ఫోను మగవాడిది. బయటికి పోయేదీ ఎక్కువగా అతనే. ఇంట్లో మిగిలేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. టీవీ వాళ్ళదే, నెట్ మాత్రం వాళ్ళది కాదు. 2020లో బడులు మూతపడ్డప్పుడు ఈ తేడా పిల్లల చదువు మీదే పడింది. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళలో పాఠాలు వేశారు కాబట్టి కొంత నయం. ఫోను మీదే క్లాసు అన్న పిల్లలకు నాన్న ఇంటికొచ్చాకే పాఠం మొదలయ్యేది.

కాబట్టి రౌటర్‌ను నేను షోకు వస్తువుగా చూడను. ఇంట్లో మంచినీళ్ళ బిందె ఒక చోట ఉన్నట్టే నెట్ కూడా ఒక చోట ఉండాలి. ఎవరు ఎప్పుడు దాహమన్నా ముంచుకునేలా ఉండాలి.

ఏ దారి మనకు సరిపోతుంది?

2016 సెప్టెంబరు 5న జియో రావడంతో డేటా ధర పడిపోయి పల్లెకు నెట్ చేరింది. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలైంది. 2023లో ఎయిర్‌టెల్, జియో రెండూ 'ఎయిర్‌ఫైబర్' తెచ్చాయి. మిద్దె మీద చిన్న పెట్టె బిగిస్తే అది టవర్ నుంచి 5జీ సిగ్నలు అందుకుని ఇంట్లోని రౌటర్‌కు ఇస్తుంది. గ్రామ పంచాయతీల దాకా ఫైబర్ తీగ లాగాలని కేంద్రం 2011లో మొదలుపెట్టిన పథకమే నేటి భారత్‌నెట్. మీ వీధికి ఫైబర్ వచ్చి ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, అదే తీసుకోండి. ఎయిర్‌ఫైబర్ వచ్చి ఉంటే అది రెండో మేలు. ఈ రెండూ రాని ఇంటికి మొబైల్ సిగ్నలే ఆధారం. దాన్ని టీవీకి చేర్చడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, ఇంట్లో మూలన పడ్డ పాత 4జీ ఫోను. అందులో వేరే సిమ్ వేసి, హాట్‌స్పాట్ ఆన్ చేసి కిటికీలో పెట్టేయొచ్చు. ఖర్చు లేదు. కానీ రోజంతా ఛార్జింగులో ఉండి వేడెక్కితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. పది రోజుల అవసరానికి సరే గానీ ఏడాది పొడుగునా వద్దు.

రెండోది, అరచేతిలో పట్టే డాంగిల్. బ్యాటరీతో నడుస్తుంది, ప్రయాణంలో పనికొస్తుంది. కానీ దాని వైఫై రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. పైగా చిన్న వస్తువు కాబట్టి అది కూడా మళ్ళీ ఎవరి జేబులోనో చేరుతుంది.

మూడోది, సిమ్ వేసుకునే ఇంటి రౌటర్. కరెంటు ప్లగ్గుకు తగిలించి ఒక చోట పెట్టేది. మన అవసరానికి ఇదే సరైనది. కొనేటప్పుడు రెండు విషయాలు అడగండి. అన్ని కంపెనీల సిమ్‌లూ పడతాయా, లేక ఒక్క కంపెనీకే లాక్ చేసి ఉందా? వెనక లాన్ తీగ పెట్టే రంధ్రం ఉందా?

సిమ్ కొనే ముందు కిటికీ దగ్గర నిలబడండి

హైవే పక్క ఇంట్లో సిగ్నలు నిండుగా ఉంటుంది. లోపలి వీధిలో, ఇనుప కడ్డీల స్లాబు కింద అదే సిగ్నలు సగమవుతుంది. అందుకే ఏ కంపెనీ మంచిదని ఊళ్ళో అడగకండి, మీ ఇంటినే అడగండి. ఇంట్లో, చుట్టాల దగ్గర ఉన్న వేర్వేరు కంపెనీల ఫోన్లు తెచ్చి, రౌటర్ పెట్టదలచిన చోటే స్పీడు పరీక్ష చేయండి. మధ్యాహ్నం చేస్తే లాభం లేదు. రాత్రి ఎనిమిది, పది మధ్య, ఊరంతా ఫోను చూసే వేళ చేయండి. అప్పుడు కూడా 5 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే ఒక టీవీకి స్పష్టమైన బొమ్మ వస్తుంది.

సరిహద్దు ఊళ్ళకు ఇంకో మాట. ఒకప్పుడు కర్ణాటక సిమ్‌తో జహీరాబాద్ వెళ్తే రోమింగ్ భయం ఉండేది, మాట క్లుప్తంగా ముగించేవాళ్ళం. ఇప్పుడు ఆ బాధ లేదు. పెళ్ళి చేసుకుని ఇటు వచ్చిన ఆడపిల్ల తన తెలంగాణ సిమ్‌ను కూడా రౌటర్‌లో వాడుకోవచ్చు.

కానీ ఒక జాగ్రత్త మరవకండి. బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు ముడిపడ్డ నంబరు సిమ్‌ను రౌటర్‌లో వేయొద్దు. ఓటీపీ మెసేజ్‌లన్నీ ఆ పెట్టెలోకి పోతాయి, అవసరానికి మీ చేతికి రావు. రౌటర్ కోసం వేరే సిమ్ తీసుకోండి. మీరు వేసే ప్లాన్ రౌటర్‌లో పనిచేస్తుందో లేదో దుకాణంలో ముందే అడగండి.

కలపడం ఇలా

రౌటర్‌లో సిమ్ పెట్టి కరెంటు ఇవ్వండి. రెండు మూడు నిమిషాల్లో సిగ్నల్ లైటు నిలబడుతుంది. అడుగున అంటించిన చీటీ మీద వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. దాని పక్కనే 192.168తో మొదలయ్యే అంకెలు కనబడతాయి. ముందు ఫోనును ఆ వైఫైకి కలపండి. ఫోను బ్రౌజరులో ఆ అంకెలు కొడితే రౌటర్ సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. సిగ్నల్ ఉన్నా నెట్ రాకపోతే ఆ పేజీలో ఏపీఎన్ అనే గడి చూసి, సిమ్ కంపెనీ చెప్పిన పేరు రాయండి. వైఫై పాస్‌వర్డుతో పాటు ఆ పేజీ తెరిచే పాస్‌వర్డు కూడా అక్కడే మార్చేయండి.

ఇప్పుడు టీవీ. సెట్టింగుల్లో నెట్‌వర్క్, అందులో వైఫై. మీ రౌటర్ పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టండి. రిమోటుతో కొట్టేటప్పుడు ఇంగ్లిషు పెద్దక్షరం, చిన్నక్షరం తారుమారు కావడం మామూలు. నిదానంగా కొట్టండి.

పేరే కనబడకపోతే కంగారుపడి టీవీని బాగుచేయడానికి తీసుకెళ్ళకండి. వైఫైకి 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బాటలున్నాయి. తక్కువ ధర టీవీల్లో చాలా వాటికి మొదటి బాట ఒక్కటే తెలుసు. రౌటర్‌లో గానీ ఫోను హాట్‌స్పాట్‌లో గానీ 2.4 ఆన్ చేస్తే పేరు కనబడుతుంది. ఈ బాట వేగం కొంచెం తక్కువ, గోడలు దాటే శక్తి ఎక్కువ.

వైఫై కలిసింది గానీ యాప్‌లు తెరుచుకోవడం లేదంటే టీవీలో తేదీ చూడండి. చాలా రోజులు ప్లగ్గు తీసేసి ఉంచిన టీవీ ఏ పాత సంవత్సరంలోనో నిలిచిపోతుంది. తేదీ తప్పయితే భద్రత పరీక్షలో నెగ్గక యాప్ మొరాయిస్తుంది. తేదీని సరిచేస్తే చాలు.

రౌటర్‌ను టీవీ వెనక దాచకండి, ఇనుప బీరువా మీద పెట్టకండి. టవర్ వైపున్న కిటికీలో ఛాతీ ఎత్తున పెట్టండి. కిటికీకి, టీవీకి దూరం ఎక్కువైతే లాన్ తీగ లాగండి. తీగలో వచ్చే నెట్‌కు గోడలు అడ్డం రావు. కరెంటు తరచూ పోయే ఊళ్ళకు రౌటర్ కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. టీవీ ఆగినా పిల్లల పాఠం ఫోనులో సాగుతుంది.

డేటా లెక్క తెలిసి ఖర్చు పెట్టండి

5 ఎంబీపీఎస్ వేగంతో గంటసేపు బొమ్మ వస్తే 2.25 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్లాన్ 40 నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే ముందున్న దాంట్లో 78వ వంతు. దాంతో టీవీ నడవదు. టీవీ పాడైందని చాలామంది అనుకునేది ఇక్కడే.

యాప్‌లో బొమ్మ నాణ్యత 480పీకి తగ్గించండి. అది 1.5 ఎంబీపీఎస్ లోపే నడిస్తే గంటకు 0.7 జీబీ కూడా కాదు. 32 అంగుళాల టీవీని పది అడుగుల దూరం నుంచి చూసేవాళ్ళకు తేడా పెద్దగా తెలియదు. యాప్‌లు వాటంతటవే అప్‌డేట్ కావడం, ముందు తెరలో ప్రకటన బొమ్మలు వాటంతటవే ఆడటం ఆపేయండి. రోజు లెక్క ప్లాన్ కంటే నెల మొత్తానికి కలిపి డేటా ఇచ్చే ప్లాన్ టీవీకి మేలు. ఆదివారం సినిమా, మ్యాచ్ ఉన్న రోజు ఎక్కువ వాడుకుని, మిగతా రోజుల్లో తగ్గించుకోవచ్చు.

పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?

అంతా కలిపాక ఒక్క పని మిగులుతుంది. దాన్ని చాలా ఇళ్ళలో మరిచిపోతారు. రౌటర్ కొన్నవాడికే దాని సంగతులన్నీ తెలిసి ఉంటే, నెట్ మళ్ళీ అతని జేబులోకే చేరినట్టు. కరెంటు పోయి వచ్చాక టీవీ కలవకపోతే అతను వచ్చేదాకా ఇల్లంతా ఎదురుచూడాలి.

అందుకని పాస్‌వర్డును ఇంగ్లిషు అక్షరాలతో కాక పది పన్నెండు అంకెలతో పెట్టండి. ఫోను నంబరో పుట్టిన తేదీయో వద్దు, బయటివారు ఊహించలేని అంకెలు కావాలి. వాటిని పెద్దగా రాసి దేవుడి పటం వెనక అంటించండి. రౌటర్ ఆపి మళ్ళీ వేయడం, టీవీలో వైఫై కలపడం ఇంట్లో పెద్దావిడ చేత ఒకసారి చేయించండి. మీరు చేసి చూపడం కాదు, ఆవిడ చేత్తో చేయించండి. రిమోటు మీద అంకెలు వెతుక్కుంటుంది, రెండుసార్లు తప్పు కొడుతుంది, పక్కన కూర్చుని ఓపిక పట్టండి. మూడోసారి బొమ్మ వస్తుంది.

ఆ సాయంత్రం నుంచి కొడుకు చెప్పులేసుకుంటుంటే అవ్వ అతన్ని ఆపాల్సిన పని ఉండదు. చీకట్లో చేనుకు పోయేవాడికి ఫోనులో టార్చి కావాలి గదా. తీస్కపొమ్మంటుంది.