ఒకే గురి, రెండు ఫలితాలు

ఒక చిన్న లెక్క చూద్దాం. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో 2009లో స్టీఫెన్ కర్రీ, 2011లో జిమ్మర్ ఫ్రెడెట్ పాయింట్లలో అందరికంటే ముందు నిలిచారు. ఆటకు సగటున కర్రీ 28.6, ఫ్రెడెట్ 28.9. ఎత్తులోనూ ఇద్దరూ ఇంచుమించు సమానమే. తరువాత ఇద్దరూ వృత్తి ఆటగాళ్ల పోటీ అయిన ఎన్.బి.ఎ.లో చేరారు. అక్కడ మూడు పాయింట్ల బుట్టల్లో కర్రీ 2021లో అందరి రికార్డూ దాటేశాడు. ఫ్రెడెట్ సగటు మాత్రం 6కి పడిపోయింది! ఎందుకని?

జల్లెడను తలచుకోండి. కాలేజీల మొదటి డివిజన్‌లో జట్లు 340కి పైగా, ఎన్.బి.ఎ.లో 30 మాత్రమే. జల్లెడలో నిలిచినవారంతా పొడగరులు, మహా చురుకైనవారు. కాలేజీలో తరచు ఎదురయ్యే మామూలు ఆటగాడు ఇక్కడ కనిపించడు.

మూడు పాయింట్ల గీత కూడా దూరం జరుగుతుంది. ఆ రోజుల్లో కాలేజీలో అది 20 అడుగుల 9 అంగుళాలు, ఎన్.బి.ఎ.లో బుట్టకు ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు. (మీ బడి ఆవరణలో మూడడుగులు వెనక్కి జరిగి విసిరి చూడండి, చెయ్యే చెబుతుంది!) దూరం పెరిగితే బంతికి ఎక్కువ వేగం కావాలి, దిశలో రవంత తప్పు బుట్ట దగ్గరకు చేరేసరికి పెద్దదవుతుంది. పైగా ఎదుటివాడి పొడవాటి చెయ్యి అడ్డు వచ్చేలోగా విసరాలి. అంత కొద్ది వ్యవధిలో విసరగలగడమే కర్రీ ప్రత్యేకత.

మరి ఫ్రెడెట్ గురి చెడిపోయిందా? లేదు. 2016-17లో చైనా వెళ్లి, షాంఘై జట్టు తరఫున ఆటకు సగటున 37.6 పాయింట్లు సాధించాడు.