పసులగాసే పిల్లవాని పాట

"పల్లెటూరి పిల్లగాడా" అనే పాటను మనలో చాలామందిమి విన్నాము, పాడుకున్నాము. అయితే ఆ పాట ఎవరు వ్రాశారు, ఎవరిని చూచి వ్రాశారు, అది సినిమాకు ఎలా ఎక్కింది అనే సంగతులు మన పిల్లలకు ఎప్పుడైనా చెప్పామా?

ఈ పాట వ్రాసినవారు సుద్దాల హనుమంతు గారు. ఆయన ఊరు సుద్దాల మన లింగాల ఘనపూర్‌కు ఎంతో దూరం కాదు. యౌవనంలో కొంతకాలం హైదరాబాదులో చిన్న ఉద్యోగం చేసి, దానిని విడిచిపెట్టి ప్రజల మధ్యకు వచ్చారు. అవి వెట్టిచాకిరి రోజులు. అప్పు తీరలేదని తండ్రి పనిలో ఉంటే, వెనుకనే కొడుకు కూడా దొర పశువుల వెంట పోవలసి వచ్చేది. ఆ కాలంలోనే, 1946 జూలై 4న, జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాడు.

హనుమంతు గారు పెద్ద పెద్ద మాటలు వెదకలేదు. గొల్ల సుద్దులు, బుర్రకథ, యక్షగానం వంటి మన పల్లె కళలనే తీసుకున్నారు. ఈ పాటలో ఆయన దొరను తిట్టడంతో మొదలుపెట్టలేదు. పసులగాసే పసివాణ్ణి దగ్గరకు పిలిచి, తల్లి అడిగినట్లు ఒక్కొక్కటే అడిగారు. వాని చినిగిన చొక్కా చూచారు. కాళ్లకున్న తాటి జెగ్గల జోడు చూచారు. జీతమని కొలిచి ఇచ్చిన కల్తీ గింజలు చూచారు. తాలు, మట్టి కలిసిన గింజలు ఇంటికి తెస్తే తల్లి ఏమి వండుతుంది? వినేవారికి కోపం కంటే ముందు కన్నీరు వస్తుంది. ఈ పాట బలమంతా అక్కడే ఉన్నది.

చదువురాని జనానికి పుస్తకం అక్కరలేకపోయింది. ఒకరి నోట విని మరొకరు నేర్చుకున్నారు. ఆ విధంగా ముప్పై ఏండ్లకు పైగా ఈ పాట ముఖ్యంగా జనం నోటనే బ్రతికింది.

సినిమాలోనికి వచ్చిన విధము

1979లో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ గార్లు "మా భూమి" చిత్రాన్ని నిర్మించారు. కథకు ఆధారం ఉర్దూ రచయిత కిషన్ చందర్ నవల. దర్శకుడు గౌతం ఘోష్ బెంగాలీవారు. సంగీతం సమకూర్చినవారిలో జానపద గీతాలకు పేరుపొందిన వింజమూరి సీతాదేవి గారు ఒకరు. ఆమెది గోదావరి ప్రాంతం. ఇందరు ఇన్ని చోట్ల నుండి వచ్చినా మన పాటను మన పాటగానే ఉంచారు. సినిమా కోసం దానికి ఆడంబరాలు తొడగలేదు. ఇదే చిత్రంలో బండి యాదగిరి వ్రాసిన "బండెనక బండి కట్టి" పాటను గద్దర్ తానే తెరపై కనబడి పాడారు. చిత్రం 1980లో విడుదలైంది. నోటి పాట రికార్డుకెక్కి, సినిమా వెళ్లిన ప్రతి ఊరికీ వెళ్లింది.

హనుమంతు గారు 1982లో కన్నుమూశారు. తన పాట తెరకెక్కిన సంగతి చూచి వెళ్లారు. వారి కుమారుడు సుద్దాల అశోక్ తేజ గారు కూడా పాటల రచయితయై, 2003 సంవత్సరపు జాతీయ పురస్కారం పొందారు.

ప్రియ పాఠకులారా, పాత పాట అని మెచ్చుకొని ఊరకుందామా? 6 నుండి 14 ఏండ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య హక్కని చెప్పే చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చింది. అయినా పత్తి ఏరే రోజుల్లో బడి మానే బిడ్డ మన వాడలో ఉంటే, మేకల వెంట పంపబడే బిడ్డ మన పొరుగున ఉంటే, ఆ పాట ఇంకా మనలను అడుగుతూనే ఉన్నది. వెట్టి పోయింది గాని, అవసరం పేరుతో పిల్లవాని చదువును మనమే ఆపగలము. ఒక్క పంటకాలం బడి తప్పిన బిడ్డ మరల పలక పట్టడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.

ఈసారి ఆ పాట వినబడినప్పుడు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని దాని కథ చెప్పుదాము. పిమ్మట మన వాడలో బడికి పోని బిడ్డ ఎవరో కనుక్కొని, ఆ ఇంటి తలుపు తట్టుదాము.