పాలిషింగ్ ప్యాడ్ ఎంత సైజు ఉండాలి? - మన లెక్కల పుస్తకం చెప్పే సమాధానం



మన హాస్టల్లో చదివి బయటికి వెళ్లినవాళ్లలో టీచర్లు, కానిస్టేబుళ్లు ఉన్నట్టే కార్ల షెడ్లలో పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు. రాజమండ్రి, రావులపాలెం, తణుకు, భీమవరం - ఏ ఊరు వెళ్లినా ఇప్పుడు ‘కార్ వాష్’ పక్కనే ‘డీటెయిలింగ్’ అనే బోర్డు కనిపిస్తోంది. వేసవి సెలవుల్లో ఇలాంటి చోట పనికి కుదిరే తమ్ముళ్లు కూడా మనలో ఉన్నారు.

అక్కడ పాలిషింగ్ మిషన్ చేతికిస్తారు గానీ, దానికి ఏ సైజు ప్యాడ్ ఎందుకు తగిలించాలో చెప్పేవాళ్లు తక్కువ. ‘పెద్దదైతే పని త్వరగా తెములుతుంది, చిన్నదైతే ప్రమాదం లేదు’ అనే రెండు మాటలే వినబడతాయి. రెండూ సగం నిజాలు. మిగతా సగం తెలియక పెయింటు కాలితే ఆ ఖర్చు కుర్రాడి జీతంలోంచి కోసేవాళ్లూ ఉన్నారు. ఆ మిగతా సగం ఏమిటో మనం చదువుకున్న వృత్తం పాఠంతోనే తెలుసుకుందాం.

మన చేతి కింద ఉన్నదెంత?

ఇప్పటి కార్లలో రేకు మీద ప్రైమరు, దానిమీద రంగు, అన్నిటికంటే పైన పారదర్శకమైన క్లియర్ కోటు ఉంటాయి. అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే. క్లియర్ కోటు ఒక్కటే అయితే సుమారు 40, 50 మైక్రాన్లు. అంటే మన తల వెంట్రుక కంటే పలుచన. పాలిష్ అంటే గీతలను పూడ్చడం కాదు, గీత లోతు వరకు ఆ పొరను అరగదీయడం. అరిగింది తిరిగి రాదు. డోర్ అంచులు, బానెట్ మడతల దగ్గర పొర ఇంకా పలుచగా ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం

వృత్త వైశాల్యం 22/7 × వ్యాసార్ధం × వ్యాసార్ధం. 3 అంగుళాల ప్యాడ్ వైశాల్యం సుమారు 7 చదరపు అంగుళాలు. 6 అంగుళాలదానికి సుమారు 28. వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లైంది.

రోటరీ మిషన్ మీద 4 కిలోల బరువు పడేలా నొక్కామనుకుందాం. పెద్ద ప్యాడ్ కింద ఒక్కో చదరపు అంగుళం మీద పడేది సుమారు 140 గ్రాములు. చిన్న ప్యాడ్ కింద అదే 570 గ్రాములు. నాలుగు రెట్ల ఒత్తిడి!

ఇక వేగం. నిమిషానికి 1500 చుట్లు తిరిగితే 6 అంగుళాల ప్యాడ్ అంచు సుమారు 720 మీటర్లు పరిగెడుతుంది. 3 అంగుళాలది 360 మీటర్లే. రాపిడి వల్ల పుట్టే వేడి నొక్కిన బలం మీద, వేగం మీద ఆధారపడుతుంది. అంటే చిన్న ప్యాడ్ మొత్తం మీద పుట్టించే వేడి సగమే. కానీ ఆ సగం వేడి నాలుగో వంతు చోటులో పడుతుంది. కాబట్టి ఒక్కో చదరపు అంగుళానికి తగిలే వేడి రెట్టింపు.

‘చిన్నదైతే ప్రమాదం లేదు’ అన్న మాట ఇక్కడే తప్పుతుంది. ప్యాడ్ చిన్నదైనప్పుడు చెయ్యి కూడా తేలిక కావాలి. 4 కిలోలకు బదులు కిలో బరువుతో నొక్కితే ఒత్తిడి పెద్ద ప్యాడ్‌తో సమానమవుతుంది, చదరపు అంగుళానికి తగిలే వేడి దానిలో సగానికి వస్తుంది. చిన్న ప్యాడ్ త్వరగా వేడెక్కుతుంది కూడా. అందుకే ఒకదానితో బండి మొత్తం లాగించకుండా రెండు మూడు దగ్గర పెట్టుకుని మార్చుకోవాలి.

పెద్ద ప్యాడ్ ఎక్కడ, చిన్నది ఎక్కడ?

నాలుగడుగుల వెడల్పున్న బానెట్ తీసుకోండి. ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పేలా నడిపితే 6 అంగుళాల ప్యాడ్‌కు సుమారు 16 వరుసలు, 3 అంగుళాలదానికి సుమారు 32 వరుసలు పడతాయి. చదునైన చోట పెద్దదే మేలు.

అదే పెద్ద ప్యాడ్‌ను బంపర్ వంపు మీద పెడితే మొత్తం ఆనదు. 28 చదరపు అంగుళాల్లో నాలుగే ఆనితే 4 కిలోల బరువూ వాటి మీదే పడుతుంది. అంటే అంగుళానికి కిలో! పైగా ఆనేది ఎక్కువ వేగంతో తిరిగే అంచు. పెయింటు కాలేది ఇలాంటి చోటే.

దీనికొక తేలిక పరీక్ష ఉంది. మిషన్ ఆపి, ప్యాడ్‌ను ఆ భాగం మీద మెల్లగా ఆనించండి. అంచు చుట్టూ కాగితం ముక్క దూర్చి చూడండి. ఎక్కడైనా కాగితం సులువుగా లోపలికి పోతే ఆ చోటుకు ఆ ప్యాడ్ పెద్దదని అర్థం.

స్థూలంగా:
- టాపు, బానెట్, డిక్కీ: 6 అంగుళాలు
- డోర్లు, మడ్‌గార్డులు: 5 అంగుళాలు
- బంపర్లు, అద్దాల డొప్పలు, కిటికీల మధ్య స్తంభాలు: 3 అంగుళాలు
- హ్యాండిల్ గుంటలు, పేరు అక్షరాల చుట్టూ: ఒకటి, రెండు అంగుళాలవి, లేదా చేత్తోనే

పెళ్లిళ్ల కోసం దాచుకున్న పాత అంబాసిడర్ వస్తే దాని ముందు భాగమంతా గుండ్రమే కాబట్టి చిన్న ప్యాడ్‌కే పని ఎక్కువ. క్లియర్ కోటు లేని పాత పెయింటైతే రంగే ప్యాడ్‌కు అంటుతుంది, కంగారు పడనక్కర్లేదు.

వెనక ప్లేటు మరిచిపోవద్దు

ప్యాడ్ అతుక్కునే గట్టి ప్లేటు కంటే ప్యాడ్ అర అంగుళమైనా పెద్దదిగా ఉండాలి. లేకపోతే ప్లేటు అంచు పెయింటుకు తగిలి గీస్తుంది. అలాగని మరీ పెద్దది వేయకూడదు. తిరుగుతూ ఊగే డ్యూయల్ యాక్షన్ మిషన్లో బరువుల తూకం ఒక సైజును బట్టి చేసి ఉంటుంది. 5 అంగుళాల ప్లేటుకు 7 అంగుళాల ప్యాడ్ తగిలిస్తే మిషన్ వణుకుతుంది, ప్యాడ్ తిరగడం మందగిస్తుంది. సొంతంగా పని మొదలుపెట్టేవాళ్లు ముందు 5 అంగుళాల ప్లేటు మిషన్, దానికి సరిపోయే ఐదున్నర అంగుళాల ప్యాడ్లు కొనుక్కుంటే చాలా పని నడుస్తుంది. తర్వాత 3 అంగుళాలది.

మన డెల్టాలో మరికొన్ని జాగ్రత్తలు

సముద్రం వైపు ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీటితో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లటి మచ్చలు పడతాయి. కోతల రోజుల్లో ధాన్యం దుమ్ము, ఇసుక లారీల వెనక ఎగిరే రేణువులు బండిని పట్టుకుంటాయి. ఒక్క ఇసుక రేణువు ప్యాడ్‌లో ఇరుక్కుంటే సైజు ఎంత సరైనదైనా ప్రతి చుట్టుకూ ఒక గీత పడుతుంది. కాబట్టి శుభ్రంగా కడిగి, తుడిచి, నీడలో పెట్టి, అంచులకు టేపు వేసి, ముందు రెండడుగుల చోట చేసి చూసుకోవాలి. కింద పడిన ప్యాడ్‌ను కడగకుండా మళ్లీ వాడకూడదు.

మిత్రులారా, షెడ్డులో ‘ఇలా చెయ్యి’ అన్న మాట అందరికీ దొరుకుతుంది. ‘ఎందుకిలా’ అన్నది తెలిసినవాడు పని చెడినప్పుడు తప్పెక్కడ జరిగిందో చెప్పగలడు. తనది కాని తప్పుకు జీతం కోస్తానంటే ‘ఈ వంపుకు ఈ ప్యాడ్ ఇచ్చింది మీరే కదండీ’ అని నెమ్మదిగానైనా అడగగలడు. అలా అడగడానికి పనికొచ్చే లెక్క మన పుస్తకాల్లోనే ఉంది. తమ్ముళ్లూ, వృత్తం పాఠాన్ని పరీక్ష అవగానే అటకెక్కించకండి!