పనిముట్టుకు చందా

వడ్రంగి బజారులో ఒక ఉలి కొన్నచో ఆ ఉలి అతని సొంతము. పది సంవత్సరముల తరువాత దానిని వాడుకొనుటకు కూడ ఎవరి అనుమతియు అక్కరలేదు. గ్రంథాలయములో సభ్యుడైన వాని సంగతి వేరు. రుసుము చెల్లించినంత కాలము అతడు పుస్తకములు తెచ్చుకొని చదువుకొనవచ్చును. గడువు తీరినచో పుస్తకము తిరిగి ఇచ్చివేయవలెను. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి పనిముట్లు ఒకప్పుడు ఉలివంటివి. నేడు వానిలో అనేకము గ్రంథాలయ సభ్యత్వము వంటివైనవి. వానిని కొనము, చందా కట్టి వాడుకొందుము.

ప్రోగ్రాములు వ్రాయుట పాఠశాలలలో కూడ నేర్పుచున్న ఈ కాలములో ఈ చందాలు ఎట్లు నడచునో తెలిసికొనుట అవసరము. చందా ముగిసిననాడు విద్యార్థి సంవత్సరమంతయు చేసిన పని ఏమగును? అతడు పాఠశాల విడిచిన తరువాత అతని అనుమతి ఏమగును? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చందా లెక్కలోనే ఉన్నది.

క్లౌడ్ అనగా నేమి?

క్లౌడ్ అనగా మేఘము. కాని పేరే గాని దీనికి ఆకాశముతో సంబంధము లేదు. ఎక్కడనో ఒక పెద్ద భవనములో వేలకొలది కంప్యూటర్లు పనిచేయుచుండును. మనము మన ఇంటనుండి, పాఠశాలనుండి ఇంటర్నెట్ ద్వారా వాని శక్తిని వాడుకొందుము. విద్యుత్తు ఉత్పత్తి చేయు యంత్రము మన పెరటిలో లేకున్నను మన ఇంట దీపము వెలుగుచున్నది గదా! కంప్యూటరు శక్తిని కూడ నీరు, విద్యుత్తువలె ప్రజలందరకు సరఫరా చేయవచ్చునని జాన్ మెకార్తీ అను శాస్త్రజ్ఞుడు 1961లోనే సూచించెను.

ఆ సంవత్సరమే అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బటో బృందము ఒకే కంప్యూటరును అనేకులు ఏకకాలమున వాడుకొను పద్ధతిని ప్రదర్శించెను. పదిమంది వాడుకొనుచున్నప్పుడు ఎవరెవరో గుర్తింపవలెను. ఎవరి వంతు ఎంతయో లెక్క పెట్టవలెను. అందుచే ప్రతివానికి ఒక ఖాతా, ఒక రహస్యపదము, ఇంతకాలమని ఒక వంతు ఏర్పడినవి. 1962లో ఆలన్ షెర్ అను పరిశోధకుడు తనకిచ్చిన వంతు చాలక, అందరి రహస్యపదములు గల పట్టికను అచ్చువేయించుకొని ఇతరుల వంతును వాడుకొనెను. చందా పద్ధతికి కావలసిన ఖాతా, కొలత, కాపలా అను మూడును నాటికే పుట్టినవి; వానిలోని లోపము కూడ నాడే బయటపడినది.

ఒక ఉదాహరణము

గిట్ అను పనిముట్టును లైనస్ టోర్వాల్డ్స్ 2005లో నిర్మించెను. ప్రోగ్రాములో ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేసిరో అది గుర్తుంచుకొనును. ఇది ఉచితము, ఎవరి కంప్యూటరులోనైనను ఉండగలదు. గిట్‌తో చేసిన పనిని ఇంటర్నెట్‌లో భద్రపరచి పదిమంది కలిసి పనిచేయుటకు వీలుకల్పించు సేవ గిట్‌హబ్. ఇది 2008లో ప్రారంభమైనది. 2018లో మైక్రోసాఫ్ట్ సంస్థ దీనిని కొన్నది. సామాన్యమైన పనులకు ఇందులో చందా లేదు. జట్టులకు కావలసిన అదనపు సౌకర్యములకు మాత్రము మనిషికి నెలకింత చొప్పున చందా కలదు. 2020 ఏప్రిల్‌లో జట్టు చందాను 9 డాలర్ల నుండి 4 డాలర్లకు తగ్గించిరి.

ఇట్టి సేవలో మనము ఒక మీట నొక్కినప్పుడెల్ల అవతలి కంప్యూటరు మూడు ప్రశ్నలు వేసికొనును. మొదటిది: ఇతడెవరు? దీనికి రహస్యపదము సమాధానము చెప్పును. రెండవది: ఇతనికి ఈ పని చేయు అధికారము కలదా? ఉపాధ్యాయుడు అభ్యాసమును సృష్టింపవచ్చును. విద్యార్థి దానిని పూరింపవచ్చును. మూడవది: ఈ సౌకర్యమునకు చందా చెల్లియున్నదా? ఈ మూడింటిని వేరువేరుగా ఉంచుటయే మంచి నిర్మాణము. చందా ముగిసినంత మాత్రమున మనిషి మారడు గదా! అతని పేరును, అతని పనియు అట్లే ఉండవలెను. అదనపు సౌకర్యము మాత్రమే ఆగవలెను.

సీట్ల లెక్క

జట్టు చందాను సీట్లలో కొలతురు. బస్సులో సీటువలె ఒక సీటు ఒక మనిషికి. నెల మధ్యలో క్రొత్తవారు చేరినచో మిగిలిన దినములకు మాత్రమే సొమ్ము తీసికొనుట న్యాయము. ఒక పాఠశాల సీటు ఒక్కింటికి నెలకు 120 రూపాయల చొప్పున 30 సీట్లు తీసికొన్నదనుకొందము. జూన్ 16వ తేదీ ఉదయము మరి 10 మంది చేరిరి. జూన్ నెలకు 30 దినములు. 16 మొదలు 30 వరకు 15 దినములు. కనుక అదనముగా చెల్లింపవలసినది 10 × 120 × 15/30 = 600 రూపాయలు. జూలై నుండి 40 సీట్లకు 4,800 రూపాయలు.

ఇందులో ఒక మెలిక కలదు. మనిషిని జట్టునుండి తొలగించుట వేరు, సీట్ల సంఖ్యను తగ్గించుట వేరు. ముందుగానే ఇన్ని సీట్లని కొన్న చందాలలో ఐదుగురిని తొలగించినను, ఆ ఐదు సీట్లు ఖాళీగానుండి వానికి సొమ్ము పోవుచునే యుండవచ్చును. నిర్వాహకుడు రెండు పనులును విడివిడిగా చేయవలెను.

చందా దశలు

చందా అనునది ఉన్నది, లేదు అను రెండు మాటలతో తీరునది కాదు. మొదట ప్రయోగదశ, అప్పుడు సొమ్ము లేకయే వాడి చూడవచ్చును. పిదప చెల్లుబాటు దశ. గడువునాడు సొమ్ము అందనిచో బాకీ దశ. బాకీ పడిన మరుక్షణమే తలుపు మూయుట మంచిది కాదు. కార్డు కాలము తీరియుండవచ్చును. బ్యాంకులో అంతరాయము కలిగియుండవచ్చును. కనుక కొన్ని దినములు గడువు ఇచ్చి, మరల మరల ప్రయత్నించి, అప్పటికిని సొమ్ము రానిచో చందాను నిలుపుదురు. వాడుకరి తానే చందా వద్దనుకొన్నప్పుడు, ఇదివరకే చెల్లించిన కాలము ముగియువరకు సేవను సాగించుట వాడుక.

సొమ్ము అందినట్లు బ్యాంకు వైపు నుండి వచ్చు కబురు ఒక్కొక్కప్పుడు రెండుమార్లు వచ్చును. తాను పంపిన కబురు చేరినట్లు జవాబు రానప్పుడు పంపినవారు మరల పంపుదురు. రెండవ కబురును చూచి మరి ఒక నెల గడువు పెంచినచో లెక్క తప్పును. అందుచే ప్రతి చెల్లింపునకు ఒక సంఖ్య వేయుదురు. ఆ సంఖ్యతో పని ఇదివరకే జరిగియున్నచో రెండవ కబురును ప్రక్కన పెట్టుదురు. ఒకే మనియార్డరు రసీదును రెండుమార్లు జమ కట్టని గుమాస్తా చేయు పనియే ఇది.

గడియారము సంగతి కూడ గమనింపదగినది. ఇట్టి సేవలు తరచు ప్రపంచ ప్రామాణిక కాలమును పాటించును. భారత కాలము దానికంటె ఐదున్నర గంటలు ముందు. కనుక ఆ కాలము ప్రకారము జూన్ 30 అర్ధరాత్రి ముగియు చందా మనకు జూలై 1 ఉదయము 5 గంటల 30 నిమిషములకు ముగియును.

సొమ్ము ఎవరి చేతిలో?

నెలనెలా దానంతట అదే సొమ్ము తీసికొను పద్ధతి సుఖమైనదే గాని, మరచిపోయిన చందా కూడ అట్లే సొమ్మును హరించును. మన దేశములో 2021 అక్టోబరు 1 నుండి రిజర్వు బ్యాంకు నియమములు దీనికి పగ్గము వేసినవి. కార్డునుండి సొమ్ము తీసికొనుటకు కనీసము 24 గంటల ముందు ఖాతాదారునికి కబురు అందవలెను. 5,000 రూపాయలకు మించిన చందాకు ప్రతిమారును ఖాతాదారుడు మరల సమ్మతి తెలుపవలెను. 2022 జూన్‌లో ఈ హద్దును 15,000 రూపాయలకు పెంచిరి. నియమములు వచ్చిన క్రొత్తలో వానికి సిద్ధముకాని విదేశ సేవల చందాలు అనేకము ఆగిపోయినవి. ఆ ఇబ్బంది తాత్కాలికము. సొమ్ము కదలకముందే తెలియుట వలన కలుగు రక్ష శాశ్వతము.

వెళ్లిపోయిన వారి తాళపుచెవి

చందాల నిర్వహణలో అన్నిటికంటె ఎక్కువ అశ్రద్ధ జరుగునది మనిషి వెళ్లిపోయినప్పుడు. చేరిననాడు ఖాతా ఇచ్చుటకు అందరును తొందరపడుదురు. వెళ్లిననాడు తీసివేయుటకు ఎవరును గుర్తుంచుకొనరు. అట్లు మిగిలిన ఖాతా, అద్దెకున్నవారు ఖాళీ చేసినను వారి చేతనే యుండిపోయిన తాళపుచెవి వంటిది. దానికి చందా నష్టము కొంచెము. అది దొంగల చేత పడినచో కలుగు నష్టము చాల హెచ్చు. పైగా రహస్యపదముతో పాటు, యంత్రములు తమలో తాము మాటలాడుకొనుటకు ఇచ్చిన టోకెన్లు కూడ ఉండును. వానిని సైతము వెదకి రద్దుచేయవలెను. పాఠశాలలో సంవత్సరాంతమున గ్రంథాలయ పుస్తకములను సరిచూచునట్లే, ఖాతాల పట్టికను కూడ ఒకమారు హాజరు పట్టికతో సరిచూచుట మంచి అలవాటు.

ఒకే ఖాతాను తరగతి అంతయు పంచుకొనుట సొమ్ము మిగుల్చునట్లు కనిపించును. కాని అప్పుడు ఏ మార్పు ఎవరు చేసిరో తెలియదు. ఒకరిని తొలగింపవలెనన్న అందరి రహస్యపదమును మార్చవలెను. విద్యార్థులకు ఉచిత సౌకర్యములు గల సేవలు ఉండగా ఇది అనవసరము. గిట్‌హబ్ 2014 నుండి విద్యార్థులకు ప్రత్యేకముగా కొన్ని పనిముట్లను ఉచితముగా ఇచ్చుచున్నది. దీనికి 13 సంవత్సరములు నిండి, విద్యార్థియని ఋజువు చూపవలెను. ఈ సౌకర్యమునకును గడువు కలదు. తీరిన పిదప మరల ఋజువు చూపవలెను.

పని ఎవరిది?

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. గిట్ పద్ధతిలో పనిని మన కంప్యూటరులోనికి దించుకొన్నప్పుడు కడపటి ప్రతి ఒక్కటియే కాక, మార్పుల చరిత్ర అంతయు వచ్చును. కనుక ప్రతి నెలయు ఒక ప్రతి తన వద్దకు దించుకొను విద్యార్థికి చందా ముగిసినను పని పోదు. అట్లు దించుకొనుటకు వీలులేని పనిముట్టును ఎన్నుకొనకముందే ఉపాధ్యాయుడు ఆలోచింపవలెను.

క్రొత్త పనిముట్టును తరగతికి తెచ్చునప్పుడు నాలుగు విషయములు విచారించిన చాలును: ఎవరి పేర చందా, గడువు ఎన్నడు, ఎవరు ఎవరిని తొలగింపగలరు, పనిని వెలుపలికి తెచ్చుకొనుట ఎట్లు. పనిముట్టు అద్దెది కావచ్చును. దానితో చేసిన పని మాత్రము చేసినవాని చేతిలో ఉండవలెను.