మచ్చ పడని దెబ్బ

తుపాకీ పేలిస్తే ప్రాణం పోతుంది, లాఠీతో కొడితే ఎముక విరుగుతుంది, అదే కరెంటు షాకిచ్చే పిస్టలైతే మనిషి పడిపోయి కాసేపటికి లేస్తాడు గదా! టేజర్ లాంటి ఆయుధాలను సమర్థించేవాళ్ళ వాదన ఇది. 2020 డిసెంబరులో గుజరాత్ పోలీసులు వాటిని తెచ్చుకున్నారు. రేపు మన పోలీస్‌స్టేషన్లకూ రావచ్చు గనక ఈ వాదన సంగతేమిటో ముందే తేల్చుకోవాలంటున్నాం.

ట్రిగ్గర్ నొక్కితే సన్నని తీగలు కట్టిన రెండు ముళ్ళు వచ్చి ఒంట్లో గుచ్చుకుంటాయి. మామూలుగా 5 సెకన్లపాటు కరెంటు పారుతుంది. నొక్కిపట్టుకుంటే ఇంకా పారుతూనే ఉంటుంది. కండరాలు బిగుసుకుపోయి మనిషి కొయ్యలా పడతాడు. చేతులు ఆనించుకోలేడు గనక తల పగలవచ్చు. ముళ్ళు వదలకుండా ఆయుధాన్నే ఒంటికి ఆనించి షాకివ్వడం మరో పద్ధతి. అందులో మనిషి కొయ్యబారడు, నొప్పి మాత్రమే ఉంటుంది. పారిపోయేవాణ్ణి ఆపడానికి కాదు, చేతికి చిక్కినవాణ్ణి ఏడిపించడానికి పనికొచ్చే పద్ధతి ఇది. టేజర్ ఎక్స్26 కలిగించే తీవ్రమైన నొప్పి చిత్రహింస కిందికే వస్తుందని 2007లో, పోర్చుగల్ విషయంలో, ఐక్యరాజ్య సమితి చిత్రహింసల వ్యతిరేక కమిటీ చెప్పింది.

ప్రాణం పోదన్నమాటా నిజం కాదు. 2016 ఆగస్టులో ఇంగ్లండులో నల్లజాతి మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు డేలియన్ అట్కిన్సన్‌కు ఒక పోలీసు 33 సెకన్లపాటు ఆపకుండా కరెంటు పెట్టాడు, పడిపోయాక తలమీద తన్నాడు. అట్కిన్సన్ చనిపోయాడు. 2021లో ఆ పోలీసుకు 8 ఏళ్ళ జైలుశిక్ష పడింది. జనాభాలో వాళ్ళ వాటాతో పోలిస్తే నల్లవాళ్ళ మీదే టేజర్ ఎక్కువగా వాడుతున్నారని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి.

మరి ఇక్కడ ఎవరి మీద వాడతారు? 2011 జనాభా లెక్కల్లో షెడ్యూల్డ్ కులాలు 16.6 శాతం. జైళ్ళలో ఉన్నవాళ్ళలో మాత్రం 20 శాతం పైనే. ఆయుధం కొత్తదే గాని దాన్ని పట్టుకునే చెయ్యి పాతదే. లాకప్పులో కరెంటు పెట్టడం మనవాళ్ళు ఎరగనిదీ కాదు.

అసలు ప్రమాదం ఇంకొకటుంది. లాఠీ దెబ్బకు వాత తేలుతుంది. నాలుగు గోడల మధ్య దెబ్బలు తిన్న దళితుడికి ఆ వాతే సాక్షి. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసు తీర్పులో సుప్రీంకోర్టు, అరెస్టయినవాళ్ళు కోరితే ఒంటిమీది గాయాలన్నీ రాసిపెట్టాలనీ, 48 గంటలకోసారి డాక్టరుకు చూపించాలనీ చెప్పింది. కరెంటు మిగిల్చేది చిన్న చిన్న మచ్చలే, అవీ కొద్దిరోజుల్లో మానిపోతాయి. ఇక డాక్టరు ఏం చూసి రాస్తాడు? ఎప్పుడు నొక్కారో, ఎంతసేపు నొక్కారో టేజర్‌లో నమోదవుతుంది, నిజమే. ఆ లెక్క ఉండేది మాత్రం కొట్టినవాడి శాఖ దగ్గరే.

చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద 1997లో సంతకం పెట్టిన మన ప్రభుత్వం దాన్ని నేటికీ ధ్రువీకరించలేదు. ముందు ఆ పని చెయ్యమందాం. దెబ్బను దాచిపెట్టే ఆయుధం దయగల ఆయుధమని ఎవరు చెప్పినా నమ్మకుందాం.