విషము విఱిగిన పిదప

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల నల్లరేగడిలో ప్రత్తి పండించు రైతునకు నైట్రోఫీనాలు అను పేరు క్రొత్తగా తోచవచ్చును. కాని ప్రత్తి పురుగుపై దేశమంతట చిరకాలము వాడబడిన మిథైల్ పారాథియాన్ విఱిగినప్పుడు మిగులునది పారా నైట్రోఫీనాలే. నరములను దెబ్బతీయు శక్తి అంతటితో చాలవఱకు నశించును గాని, మిగిలినదియు విషమే. దానికి క్లోరిన్ చేరిన సోదర పదార్థమును గూర్చి నేడు ముచ్చటింతము.

క్లోరోనైట్రోఫీనాలు ఒక్కటి కాదు. ఆఱు కర్బన పరమాణువుల వలయమునకు నైట్రో సమూహము, క్లోరిన్ ఏ చోట చేరినవను దానినిబట్టి వీని గుణములు మాఱును. 4-క్లోరో-2-నైట్రోఫీనాలునుండి ఉన్నికి, తోలుకు పట్టు రంగులును, కండరముల పట్టును సడలించు క్లోర్జాక్సజోన్ అను ఔషధమును తయారగుచున్నవి. 2-క్లోరో-4-నైట్రోఫీనాలు వైద్యశాలలలో ఉపయోగపడుచున్నది. దానిని చక్కెర గొలుసునకు తగిలించినప్పుడు రంగుండదు. రక్తములోని అమైలేజ్ ఆ బంధము తెగుటకు కారణమైనప్పుడు పసుపువన్నె తేలును. ఆ వన్నె పెరుగు వేగమును కొలిచి అమైలేజ్ ఎంత యున్నదో లెక్కింతురు.

ఇంత ఉపకారి నీట కలిసినప్పుడు చిక్కు తెచ్చును. క్లోరిన్, నైట్రో సమూహము రెండును వలయమునుండి ఎలక్ట్రాన్లను లాగికొనుటచే సూక్ష్మజీవులకు దానిని విఱుచుట కష్టమగును. పైగా అది ఆమ్లగుణము కలది. నల్లరేగడి సాధారణముగా క్షారగుణము కలది. అట్టి నేలపై పడినచో అది అయానుగా మాఱి నీటివెంట సులభముగా సాగిపోవును. ఇచ్చటి నీరు కుందూనదిలోనికి, కుందూనది పెన్నలోనికి చేరునని మన మెఱుగుదుము.

అయినను ప్రకృతి నిస్సహాయ కాదు. 1973లో సేతునాథన్, యోషిడా అను శాస్త్రజ్ఞులు ఫిలిప్పైన్సు వరిమడినుండి పారాథియానును విఱుచు సూక్ష్మజీవిని వేఱుచేసిరి. క్లోరోనైట్రోఫీనాలుల నైట్రో సమూహమును, క్లోరిన్‌ను తొలగించి, మిగిలినదానిని ఆహారముగా గైకొను సూక్ష్మజీవులును తరువాత కనుగొనబడినవి. కాని వానికి కాలము కావలయును, ప్రవాహము వేచియుండదు.

2018లో భారత ప్రభుత్వము మిథైల్ పారాథియానును నిషేధించినది. మిగిలిన జాగ్రత్త మన చేతిలోనిది. ఏ పురుగుమందు డబ్బానైనను కాలువలో కడుగరాదు. దానిలో త్రాగునీరు నింపరాదు. రంగుల, మందుల కర్మాగారములు మురుగును శుద్ధిచేయక విడువరాదు. కంటికి పసుపువన్నె కనబడనంత మాత్రమున నీరు నిర్మలమని తలంపరాదు.