హంతకుడు గుర్తున్నాడు.. ఆ అమ్మాయి పేరేంటి?

పెద్దదోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్‌రోడ్డును రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. పులులు తిరిగే అడవి కదా, అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర గేటు మళ్లీ ఎత్తేది పొద్దున ఆరింటికే. మార్కాపురంలో తీరిగ్గా టీ తాగిన పాపానికి ఓ శనివారం పది నిమిషాల తేడాతో నాకు ఆ గేటు తప్పిపోయింది. బ్యాగులో ఒక నవల ఉంది. థామస్ హారిస్ రాసిన ‘ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్’. 1988 నాటిది. డిగ్రీలో ఉండగా ఒక్క రాత్రిలో చదివేసి, కాలేజీలో అందరికీ దాని గురించే చెప్పుకుంటూ తిరిగిన పుస్తకం. మళ్లీ తెరిచాను.

అడవి అంచున, టీకొట్టు బల్బు కింద సీరియల్ కిల్లర్ కథ! భయమేసిందా అంటే వేసింది. చదవడం ఆపానా అంటే ఆపలేదు.

గేటు కోసం ఆగిన వాళ్లలో యాత్రికుల్ని తీసుకెళ్తున్న తుఫాన్ డ్రైవర్ ఒకాయన ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. అంతకుముందు చాలా ఏళ్లు లారీ తోలాడట. ‘‘ఏందబ్బాయ్, తల కూడా ఎత్తకుండా చదవతన్నావ్?’’ అన్నాడు. కథ చెప్పాను. ‘‘హానిబల్ లెక్టర్ అని ఒక డాక్టర్ ఉంటాడన్నా. మనుషుల్ని చంపి తింటాడు. కానీ మహా మేధావి. జైల్లో కూర్చునే పోలీసుల్ని ఆడిస్తాడు..’’ అంటూ పది నిమిషాలు వాడి గురించే చెప్పాను. ఆయన అంతా విని, ‘‘మరి సచ్చిపోయినోళ్లు ఎవురు?’’ అన్నాడు.

నాకు ఒక్క పేరూ గుర్తు రాలేదు. అప్పటికి పుస్తకం రెండోసారి సగం అయింది!

డార్క్ థ్రిల్లర్ చదివిన మన కుర్రకారు చెప్పే మాటలు కూడా దాదాపు ఇలాగే ఉంటాయి. ‘నిద్ర పట్టలేదు బ్రో’, ‘ఒక్క సిట్టింగ్‌లో అయిపోయింది’, ‘విలన్ క్యారెక్టర్ మామూలుగా లేదు’, ‘వాడి చిన్నప్పటి కథ చదివితే జాలేసింది’. ఆఖర్న, కాస్త గొంతు తగ్గించి, ‘ఇలాంటివి ఇంత ఇష్టంగా చదువుతున్నానంటే నాలో ఏమైనా తేడా ఉందంటావా?’

తేడా ఏమీ లేదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. నిజంగా జరిగిన హత్యల పుస్తకాలంటే మగవాళ్ల కన్నా ఆడవాళ్లకే ఆసక్తి ఎక్కువని అందులో తేలింది. అదీ బాధితురాలు ఏ ఉపాయంతో తప్పించుకుందో చెప్పే పుస్తకాలను వాళ్లు మరీ ఇష్టంగా ఎంచుకున్నారట. చీకటి పడ్డాక బస్సు దిగి ఊళ్లోకి నడిచి వెళ్లే అమ్మాయిని అడిగితే కారణం ఆమే చెబుతుంది. ఏ అలికిడిని పట్టించుకోవాలి, ఎవరి సాయాన్ని నమ్మకూడదు.. కథలోనైతే దెబ్బ తగలకుండానే ఇవన్నీ ఆలోచించుకోవచ్చు. కాబట్టి చదవడంలో తప్పు లేదు. చదివాక మన బుర్రలో ఎవరు మిగిలారన్నదే నన్ను ఆ రాత్రి ఇబ్బంది పెట్టింది.

బీరువాలో దొరికిన ఆచూకీ

(కథ ముందే చెప్పేస్తున్నానని తిట్టుకోకండి. పుస్తకం వచ్చి ముప్పై ఐదేళ్లు దాటింది.)

1991లో ఈ నవల సినిమాగా వచ్చింది. అందులో లెక్టర్ తెర మీద కనిపించేది పావుగంట పైచిలుకే. ఆ కాసేపటికే ఆంథొనీ హాప్కిన్స్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ దక్కింది. లోకమంతా లెక్టర్‌నే గుర్తుపెట్టుకుంది. కానీ ఈ కథలో పోలీసులు వెతుకుతున్నది లెక్టర్‌ని కాదు, అమ్మాయిల్ని ఎత్తుకెళ్లి చంపుతున్న మరొకడిని. వాడి గురించి లెక్టర్ చిక్కుముడి లాంటి మాటలు విసురుతూ ఉంటాడు, నిజమే. అసలు ముడి విప్పింది మాత్రం ఇంకా శిక్షణలో ఉన్న క్లారిస్ స్టార్లింగ్. ఎక్కడ? మొదట చనిపోయిన అమ్మాయి ఇంట్లో.

ఆ అమ్మాయి పేరు ఫ్రెడరికా బిమ్మెల్. చిన్న ఊరు, మామూలు కుటుంబం. కుట్టుపని వచ్చు. క్లారిస్ ఆ గదిలో ఒంటరిగా నిలబడి, బీరువా తీసి, ఆమె కుట్టుకుంటున్న బట్టల్ని ఒక్కొక్కటిగా చూస్తుంది. ఒక డ్రెస్ మీది కత్తిరింపు గుర్తులు చూడగానే హంతకుడు ఏం చేస్తున్నాడో అర్థమవుతుంది. వాడికీ కుట్టుపని వచ్చు. ఈ అమ్మాయి వాడికి ముందే తెలుసు. దేశమంతా మేధావి ఖైదీ నోటివైపు చూస్తుంటే, ఆచూకీ మాత్రం ఒక టైలర్ అమ్మాయి బీరువాలో ఉంది.

డిగ్రీలో చదివినప్పుడు ఆ పేజీలు నాకు నెమ్మదిగా అనిపించి గబగబా తిప్పేశాను. లెక్టర్ మళ్లీ ఎప్పుడొస్తాడా అని!

తుఫాన్ డ్రైవరన్న ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. ‘‘ఒంగోలు హైవే కతలో కూడా అంతేగా. వాడి పేరు పిల్లోళ్లను అడిగినా చెబుతారు. పోయిన డ్రైవర్లెవరో చెప్పమను’’ అన్నాడు.

మన ప్రకాశం మనుషులకు ఈ కథ కొత్త కాదు. 2008లో జాతీయ రహదారి మీద వాహన తనిఖీ అధికారులమంటూ ఒక ముఠా ఇనుము లోడుతో వెళ్తున్న లారీల్ని ఆపేది. డ్రైవర్‌ను, క్లీనర్‌ను చంపి పాతిపెట్టేది. ఇనుము అమ్ముకుని, లారీని ముక్కలు చేసేది. చివరికి బయటపడింది కూడా సినిమా ఫక్కీలో కాదు. తమిళనాడు చేరాల్సిన లోడ్ చేరలేదని ఒక లారీ యజమాని ఇచ్చిన ఫిర్యాదుతో తీగ దొరికింది. 2021 మేలో ఒంగోలు కోర్టు 12 మందికి మరణశిక్ష విధించింది. ముఠా నాయకుడి పేరు ఆ రోజు పతాక శీర్షికల్లో మారుమోగింది. దాన్ని ఇక్కడ మళ్లీ రాయడం లేదు. చనిపోయిన వాళ్లు ఇంటికి డబ్బు పంపడానికి రాత్రిళ్లు బండి తోలిన మనుషులు. వార్తల్లో చాలాచోట్ల వాళ్లు ‘డ్రైవర్లు, క్లీనర్లు’గానే మిగిలిపోయారు.

పాఠకులు ఇలాంటి పుస్తకాలపై ఎదురుతిరిగిన సందర్భాలూ ఉన్నాయి. బ్రెట్ ఈస్టన్ ఎల్లిస్ ‘అమెరికన్ సైకో’ను అచ్చు వేయడానికి ఒప్పుకున్న సంస్థే, గొడవ ముదరడంతో 1990 నవంబరులో తప్పుకుంది. మరుసటి ఏడాది ఇంకో సంస్థ దాన్ని తెచ్చింది. ఆస్ట్రేలియాలో దాన్ని 18 ఏళ్లు నిండిన వాళ్లకే, అదీ కవర్లో సీలు వేసి అమ్మాలన్నారు. మన దగ్గరా తక్కువేం కాదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ హత్యల కథ కాదు, చేతబడి కథ. అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారి మారి అట్ట ఊడిపోయేదాకా జనం దాన్ని చదివారు. రంగనాయకమ్మ మాత్రం అది తులసిదళం కాదు, గంజాయి దమ్మంటూ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. చదివి వణికిపోయిన వాళ్లదీ, చదివి మండిపడిన వాళ్లదీ ఇద్దరిదీ స్పందనే. నా మటుకు నాకు రెండో రకం పాఠకులంటే గౌరవం. పుస్తకం తమను ఏం చేస్తోందో వాళ్లు గమనించుకున్నారు.

‘నేనూ ప్రొఫైలర్ అవుతా’

ఈ నవలలు చదివిన వాళ్లలో కొందరికి వెంటనే వచ్చే కోరిక ఇది. హంతకుడి మనసు చదివే ఉద్యోగం! నిజం చెప్పాలంటే మన దేశంలో డిగ్రీ అవగానే నేరుగా ‘క్రిమినల్ ప్రొఫైలర్’గా తీసుకునే నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం దండగ. ఉన్న ఉద్యోగాలు వేరు. నా లెక్కన అవి అంతకన్నా మంచివి కూడా.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. దీన్ని అమలు చేసే తేదీని రాష్ట్రాలు ఐదేళ్లలోగా ప్రకటించాలి. అంటే ప్రయోగశాలల్లో మనుషుల అవసరం పెరుగుతుంది. బీఎస్సీలో కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ లాంటి సబ్జెక్టులు చదివిన వాళ్లు ఎంఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌కు వెళ్లొచ్చు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు ఉంది. గాంధీనగర్ కేంద్రంగా నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. యూజీసీ నెట్‌లోనూ ఇదొక సబ్జెక్టు. కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో ఒకటి మనకు దగ్గర్లోనే, హైదరాబాద్‌లో ఉంది. తెలంగాణ పోలీసు నియామకాల్లో ఫింగర్ ప్రింట్ బ్యూరోకు విడిగా ఏఎస్సై పోస్టులు కూడా వేశారు.

ఈ పనిలో హంతకుడి మేధస్సు గురించి ఆలోచించే తీరిక తక్కువ. రక్తపు మరక, వేలిముద్ర, కాలిన ఎముక.. ఇవి ఎవరివో తేల్చడంతోనే రోజు గడిచిపోతుంది. 1995లో ఢిల్లీ తందూర్ కేసులో కాలిపోయిన మృతదేహం ఎవరిదో నిర్ధారించింది హైదరాబాద్ సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ బృందం చేసిన డీఎన్‌ఏ పరీక్షే. తల్లిదండ్రుల రక్త నమూనాలతో పోల్చి, ఆమె నైనా సాహ్నీ అని చెప్పారు. కేసు నిలబడాలంటే ముందు చనిపోయిన మనిషికి పేరు దొరకాలి.

అన్నట్టు, క్లారిస్ కూడా గొప్పింటి పిల్లేం కాదు. చిన్న ఊరి నుంచి, తండ్రిని పోగొట్టుకుని వచ్చిన అమ్మాయి. కేసు పనిలో పడి క్లాసులు పోతున్నాయని, అకాడమీలో వెనకబడతానేమోనని నవల పొడవునా కంగారు పడుతూనే ఉంటుంది. మార్కాపురం, గిద్దలూరుల్లో గది తీసుకుని కానిస్టేబుల్, ఎస్సై పరీక్షలకు కుస్తీ పడుతున్న వాళ్లు ఆ కంగారును ఇట్టే గుర్తుపడతారు. ఎందుకో ఆమె గురించి కూడా మనం లెక్టర్ గురించి మాట్లాడినంతగా మాట్లాడం.

ఆరింటికి గేటు ఎత్తారు. మొదటి బస్సు కోసం చూడకుండా ఆ తుఫాన్‌లోనే ఎక్కాను. డ్రైవరన్న పుస్తకం అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఇంగ్లీషని చూసి తిరిగి ఇచ్చేశాడు. ‘‘నువ్వే చెప్పు. మొదట పోయిన పిల్ల కాడ్నుంచి చెప్పు’’ అన్నాడు. చింతల దాటాం, చిన్నారుట్ల దాటాం. క్లారిస్ ఫ్రెడరికా బీరువా తలుపు తీసేసరికి శిఖరం వచ్చింది. యాత్రికులు దిగుతామన్నారు. ‘‘ఉండండమ్మా, ఒక్క నిమిషం’’ అన్నాడు డ్రైవరన్న.